ప్లగ్గు ఎవరి జేబులో

మార్చి 4

బావమరిదీ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాశాడేమిటని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో మాట్లాడితే మీ అక్క పక్క గదిలోంచి వింటుంది. విని కూడా విననట్టు ఉంటుంది. ముప్పై రెండేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి. ఎవడు నిజంగా నిద్రపోతున్నాడో, ఎవడు నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడో మెడ చూసి చెప్పగలను. నువ్వు కూడా జవాబు ఇంటికి రాయకు, మా పాత డిపోకి రాయి. అక్కడి గుమాస్తా నాకు అందజేస్తాడు. కవరుకి జిగురు మాత్రం గట్టిగా రాయి. ఆ గుమాస్తా మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు.

సంగతేమిటంటే, రిటైరై నాలుగు నెలలైంది. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ అదే పేపరు. నేను ఏ గదిలో కూర్చుంటే ఆ గదే ఊడవాలంటుంది మీ అక్క. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ గడ్డి ఉంది, ప్రతి ఇంటి వెనకా చెడిపోయిన గడ్డి కోసే మిషను ఉంది. గోడ అవతలి దర్జీ తన గడ్డి మిషను పాత ఇనుము బండికి వేసేస్తుంటే నేను అడ్డుపడి, బాగుచేసిస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, నోరు జారింది. అది చెవిన పడి మరో ఇద్దరు తెచ్చి షెడ్డులో పడేశారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే వీధిలో తలెత్తుకోలేను. అంతకంటే ముఖ్యం, నేను ఇక ఎందుకూ పనికిరానని ఇంట్లోనే రుజువైపోతుంది.

మీ నాన్నగారి వర్క్‌షాపు నీ చేతికే వచ్చింది కాబట్టి నాకు గురువువి నువ్వే. ముందు మీ అక్కనే అడిగాను. "నాకేం తెలుసండీ, నాన్న నన్ను ఆ గడప తొక్కనివ్వలేదు" అని గిన్నెలు గట్టిగా తోమింది.

మొదటి రోజే పరువు పోయింది. కింద బ్లేడు చూద్దామని మిషనుని ఒక పక్కకి పడుకోబెట్టి, తర్వాత లేపి స్టార్ట్ చేసే తాడు లాగాను. తెల్లటి పొగ లేచి వీధంతా కమ్మేసింది. నిప్పంటుకుందనుకుని మూడిళ్ళవాళ్ళు బకెట్లతో వచ్చారు. మీ అక్క కిటికీలోంచి చూస్తూ నిలబడింది, నవ్వలేదు. నవ్వకపోవడం నాకు అనుమానంగా ఉంది.

త్వరగా రాయి.

నీ శిష్యుడిగా మారిన
బావ


మార్చి 11

బావగారికి,

మీ ఉత్తరం గ్రీజు చేతులతోనే విప్పాను, మరకలకి ఏమీ అనుకోకండి. గ్రీజుకి అలవాటు పడండి, ఇక అది మీ గోళ్ళు వదలదు. మా ఆవిడ నాకు టీ గ్లాసు విడిగా పెట్టి పదేళ్ళైంది.

పొగ సంగతి చిన్నదే. మిషనుని ఎప్పుడూ గాలి ఫిల్టరు పైకి ఉండేలా పడుకోబెట్టాలి. మీరు దాన్ని కిందకి పెట్టారు, ఆయిలంతా ఫిల్టరులోకి దిగింది. ఫిల్టరు కడిగి ఆరబెట్టండి. స్టార్ట్ కాని మిషన్లు పదింటిలో ఏడింటికి రోగం పాత పెట్రోలే. నెలల తరబడి నిలవుంటే జిగురై కార్బురేటర్ సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. విప్పి, సన్న తీగతో ఆ రంధ్రం శుభ్రం చెయ్యండి. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలో ఒక గుడ్డ మీద పరుచుకోండి. తాడు చుట్టుకునే డబ్బా జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. దాని లోపలి స్ప్రింగు ముఖం మీదకి ఎగురుతుంది.

అన్నిటికంటే ముందు ఒకటి. బ్లేడు దగ్గరికి చెయ్యి వెళ్ళేముందు, ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గు వైరు పీకి దూరంగా పెట్టాలి. ప్రతిసారీ. మిషను ఆగి ఉంది కదా అనుకోవద్దు. బ్లేడుని చేత్తో తిప్పినా ఇంజను ఒక్కసారి దగ్గొచ్చు, ఆ ఒక్కసారి చాలు. ఇది మర్చిపోతే ఇక నాకు ఉత్తరం రాయకండి.

నిన్న ఒకాయన చెప్పుల మీదుగా మిషను నడిపి, బ్లేడు వంగిందని తీసుకొచ్చాడు. రెండో చెప్పు కూడా చేత్తో పట్టుకొచ్చాడు, ఎందుకో నాకు అర్థం కాలేదు.

అక్క షెడ్డులోకి వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

విధేయుడు,
మీ మెకానిక్కు


మార్చి 23

బావమరిదీ,

మెచ్చుకోవడానికి రాద్దామనుకున్న ఉత్తరం ఇది. ఫిర్యాదుగా మారింది.

నువ్వు చెప్పినట్టే కార్బురేటర్ విప్పాను. ముక్కలు గుడ్డ మీద వరసగా పరిచాను. మళ్ళీ బిగించేసరికి రెండు ముక్కలు మిగిలాయి. ఎక్కడివో అర్థం కాక గుడ్డతో సహా అక్కడే వదిలి భోజనం చేసి పడుకున్నాను. సాయంత్రం వెళ్ళి చూస్తే గుడ్డ మీద ముక్కలు లేవు. మిషనుకి ప్లగ్గు లేదు. వైరు వేలాడుతోంది, ప్లగ్గు ఉండాల్సిన చోట కన్నం. దొంగ పడ్డాడనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం నిద్రలేచి వెళ్తే ప్లగ్గు దాని చోటే ఉంది. తాడు ఒక్కసారి లాగాను, పిల్లిలా గుర్రుమంటూ నడిచింది.

నేను ఎగిరి గంతేస్తాననుకున్నావా? బస్సులో ఒకడు నేను అడక్కముందే టికెట్ చూపించాడంటే ఆ టికెట్నే తిప్పి తిప్పి చూడాలి. రెండో మిషను దగ్గరా ఇదే తంతు. సగం పనిలో వదిలాను, ప్లగ్గు మాయం. మర్నాటికి ప్లగ్గు ప్రత్యక్షం, మిషను సిద్ధం. ఎవడో నా షెడ్డులో దూరి నా పని చేస్తున్నాడు.

నా అనుమానం దర్జీ మీద. గోడ ఎత్తు నడుము దాకానే. పైగా నన్ను చూసినప్పుడల్లా "మీ చేతిలో మహిమ ఉందండీ" అంటాడు. అంత పొగడ్త ఊరికే రాదు. నాకు పని రాదని నలుగురి ముందూ ఎప్పుడో బయటపెట్టడానికి దాచుకుంటున్నాడు.

వల వేశాను. ముఖానికి రాసుకునే పౌడరు సగం డబ్బా షెడ్డు గడప లోపల పల్చగా చల్లి పడుకున్నాను. లేచి చూస్తే పౌడరు లేదు, అడుగుల జాడ లేదు. నేలంతా శుభ్రంగా ఊడ్చేసి ఉంది. ఆనవాలు చెరిపి మరీ వెళ్ళాడంటే మామూలువాడు కాదు. మీ అక్కకి చెప్తే, "పౌడరు అలా పారబోస్తారా ఎవరైనా" అంది. దొంగతనం గురించి ఒక్క మాట అడగలేదు.

మీ అక్క షెడ్డులోకి వస్తుందా అన్నావు. టీ ఇవ్వడానికి వస్తుంది, గుమ్మంలోనే నిలబడుతుంది. ఎందుకడిగావు?

మూడో మిషను మొదలుపెట్టాను. ఈసారి నేనే బాగుచెయ్యాలి, నా చేత్తో. ఒక్కటైనా.

బావ


మార్చి 30

బావగారికి,

ఒక్కటి సరిగ్గా చెప్పండి. వైరు పీకి ఉండటమా, లేక ప్లగ్గే విప్పి తీసుకెళ్ళడమా? ప్లగ్గే అయితే ప్రతిసారీ అదేనా? పని పూర్తయ్యాకే తిరిగొస్తోందా? అలా జరిగిన రోజుల్లో ఆ వేళకి అక్క ఎక్కడుంది?

దర్జీ కాడు. ఆయన్ని వదిలేయండి.

నా మాట విని ఈ పని మానేయండి. మిషన్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చేయండి. మీకు కావాలంటే సైకిళ్ళు బాగుచెయ్యడం నేర్పిస్తాను, గడియారాలు నేర్చుకోండి. బ్లేడు ఉన్న సరుకు మీ ఇంట్లో వద్దు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. వివరంగా రాయలేను.

మీ మెకానిక్కు


ఏప్రిల్ 7

బావమరిది గారికి,

గారు అన్నానని సంతోషించకు. దూరం పెట్టాలనుకున్నవాళ్ళకే నేను గారు తగిలిస్తాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెప్పులవాడి కబుర్లు రాసే మనిషివి, ఉన్నట్టుండి పోలీసు వాంగ్మూలంలా రాశావేం? "అక్క ఎక్కడుంది" అట. నా భార్యని నా ఇంట్లోనే దొంగ చేస్తున్నావా? "దర్జీ కాడు" అట. అంత కచ్చితంగా నీకెలా తెలుసు? ఎవరు కాదో తెలిసినవాడికి ఎవరో కూడా తెలియాలి. ముందు మీ ఊళ్ళో పనివాణ్ణెవణ్ణో నువ్వే పంపుతున్నావనుకున్నాను, బావ పరువు పోకుండా. తర్వాత ఇంకోటి తోచింది. నేను పని నేర్చుకుంటే నీకు కష్టంగా ఉందేమో. సైకిళ్ళు నేర్పిస్తాడట. మీ నాన్నగారి విద్య అల్లుడికి అబ్బకూడదా?

ఇంతవరకూ కోపంతో రాశాను. ఇక్కణ్ణుంచి రాసేది వేరే సంగతి.

మొన్న బట్టలు నానబెడుతుంటే మీ అక్క వంటింట్లో కట్టుకునే ఏప్రాన్ చేతికొచ్చింది. జేబు బరువుగా ఉంది. తీసి చూస్తే ప్లగ్గు. మూడో మిషనుది, మసి పట్టి ఉంది. ఆ ఉదయమే మాయమైంది.

తిరిగి జేబులోనే పెట్టేశాను. బస్సులో దొరికినవాణ్ణి అడగడానికి నేను ఎన్నడూ వెనకాడలేదు. ఇంట్లో మాత్రం ఏప్రాన్ని ఉన్నచోటే పెట్టేసి బయటికొచ్చాను. ఆవిడ గోడ దగ్గర దర్జీతో మాట్లాడటం రెండుసార్లు చూశాను. ఆయన చేస్తున్నాడు, ఈవిడ ప్లగ్గు అందిస్తోంది. ఇద్దరూ కలిసి నన్ను ఆడిస్తున్నారు. ఇంకోలా ఎలా అనుకోను? చిన్నపిల్లాడి చేతికి బొమ్మ ఇచ్చినట్టు నాకు మిషన్లిచ్చి, వెనకనుంచి వాళ్ళే నడుపుతున్నారు. ముప్పై మూడేళ్ళు కాపురం చేశాక నేను ఈమె జాలిపడాల్సిన మనిషినయ్యానా?

మొన్నట్నుంచీ ముభావంగా ఉన్నాను. ఆవిడ కూడా ముభావంగానే ఉంది. నిన్న కూర వడ్డిస్తుంటే చెయ్యి చూశాను. ఎడమచేతి ఉంగరపు వేలికి కొస లేదు, నీకు తెలుసుగా, చిన్నప్పుడు తలుపు సందులో పడిందన్నారు. ఆ వేలి మొన మీద నల్లటి గ్రీజు. నేను చూశానని తెలిసి చెయ్యి వెనక్కి దాచుకుంది.

నీకు ఏదో తెలుసు. ఉన్నదున్నట్టు రాయి. లేకపోతే నాకు ఇప్పటికీ ఉచిత పాసుంది, మొదటి బస్సుకే వచ్చి నీ వర్క్‌షాపులో కూర్చుంటాను.

బావ


ఏప్రిల్ 13

బావగారూ,

దర్జీ పాపం నిర్దోషి. పని చేస్తున్నది అక్క.

నాన్న వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. మిషను మీద చెయ్యి వేసేవాళ్ళు ముందుగా ప్లగ్గు విప్పి తమ జేబులో వేసుకోవాలి. వైరు పీకితే చాలదు, ఎవడో ఒకడు తెలియక తగిలించొచ్చు. ప్లగ్గు ఎవరి జేబులో ఉంటే ఆ మిషను వాళ్ళది, పని అయ్యేదాకా ఇంకొకరు ముట్టుకోకూడదు. ఈ పద్ధతి తెలిసినవాళ్ళం ముగ్గురమే. నాన్న పోయారు. నేను ఇక్కడున్నాను. ప్లగ్గు మాయమైందని మీరు రాసిన రోజే నాకు అర్థమైంది. మీకు మాత్రం ఈ పద్ధతి చెప్పలేదు. వైరు పీకండి అని రాసి ఊరుకున్నాను. జేబు అన్న మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

అక్క వేలు తలుపు సందులో పడలేదు.

అప్పుడు అక్కకి పంతొమ్మిది, నాకు పదహారు. మీకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. మా ఇద్దరిలో పనిమంతురాలు అక్కే. నేను విప్పితే ముక్కలు మిగిలేవి. అక్క చెవి పెట్టి విని రోగం చెప్పేది. బోర్డు మీద తన పేరు పక్కన అక్క పేరే రాయిస్తానని నాన్న అన్నారు. నేను లోపల ఉడికిపోయాను.

ఒక మిషను మీద అక్క మూడు రోజులుగా తంటాలు పడుతోంది. ఆ మధ్యాహ్నం ప్లగ్గు పనికి వేసుకునే కోటు జేబులో వేసుకుని నీళ్ళు తాగడానికి లోపలికెళ్ళింది. తనకి లొంగనిదాన్ని నేను ఒక్క లాగుతో స్టార్ట్ చేసి నాన్నకి చూపిద్దామనుకున్నాను. డబ్బాలోంచి కొత్త ప్లగ్గు తీసి బిగించాను. ఐదారుసార్లు లాగాను, రాలేదు. ఇంతలో బయట ఎవరో పిలిస్తే అలాగే వదిలేసి వెళ్ళాను. వైరు కూడా పీకలేదు.

అక్క వచ్చింది. జేబు తడుముకోవడం దూరంనుంచి నేను చూశాను. ప్లగ్గు ఉందన్న ధీమాతో మిషను పడుకోబెట్టి బ్లేడు తిప్పింది. ఇంజను ఒక్కసారి దగ్గింది.

ఆసుపత్రిలో తన బట్టలు ఒక సంచీలో వేసి నా చేతికిచ్చారు. జేబులో ప్లగ్గు అలాగే ఉంది. ఆసుపత్రి వెనక కాలవలో పారేశాను. ప్లగ్గు మిషనుకే ఉందిగా, అది విప్పలేదా అని నాన్న అడిగారు. మర్చిపోయినట్టుంది అన్నాను. మెలకువ రాగానే అక్క అన్న మొదటి మాట "నా జేబులో చూడరా" అని. చూశాను, ఏమీ లేదు అన్నాను.

అక్క నన్ను అనుమానించలేదు బావగారూ. తనని తనే అనుమానించుకుంది. ఇంత మతిమరుపు మనిషికి పనిముట్లు ఇవ్వనని నాన్న గడప తొక్కనివ్వలేదు. అక్క ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు. పెళ్ళి మాటలప్పుడు తలుపు కథ అల్లింది అమ్మ. ఇది జరిగి ముప్పై ఆరేళ్ళు. నాన్న పోయినప్పట్నుంచీ వర్క్‌షాపు బోర్డు మీద నా పేరు ఒక్కటే ఉంది. పొద్దున షట్టరు ఎత్తినప్పుడల్లా అది కనిపిస్తుంది.

ఈ ఉత్తరం తనకి చూపించండి. ముందే నేను చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు. నన్ను రమ్మంటే వస్తాను. తను ఏమందో రాయండి. తిట్టినా రాయండి.

తమ్ముడు


ఏప్రిల్ 22

బావమరిదీ,

నీ ఉత్తరం డిపోలో నిలబడే చదివాను. గుమాస్తా కుర్చీ తెచ్చి వేశాడు, మంచివాడు. తిట్టడానికి చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను. రాయను. నీ మీద కోపం తగ్గి కాదు. ఈ వ్యవహారంలో తిట్టే హక్కు నాకంటే ముందు వేరే మనిషికి ఉంది.

మామూలుగా నేను మధ్యాహ్నం నిద్రపోయే వేళకి ఇంటికి చేరాను. మీ అక్క షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని, మూడో మిషను బ్లేడుకి ఆకురాయి వేస్తోంది. ఫిల్టరు పైకే ఉంది. నన్ను చూసి లేవబోయింది. "మీరు ఆ రోజు దాన్ని తప్పు పక్కకి పడుకోబెడుతుంటే చూడలేకపోయానండీ. ఒక్కటి సరిచేసి ఊరుకుందామనుకున్నాను. చెయ్యి ఊరుకోలేదు" అంది. దొంగతనంలో దొరికినట్టు తల దించుకుంది. నేను ఉత్తరం ఇచ్చాను. చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని నిలబడే చదివింది. ఒకచోట ఆగి మళ్ళీ వెనక్కెళ్ళి చదివింది. ఏ చోటో నాకు తెలుసు.

ఉత్తరం మడిచి అంది: "నీళ్ళు తాగడానికి నడుస్తుంటే ప్లగ్గు తొడకి తగులుతూ ఉందండీ. నాకు బాగా గుర్తుంది. కానీ జేబులో లేదన్నాడుగా. నేనే కల్పించుకున్నానేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను." తర్వాత ఏడ్చింది. పెళ్ళైనప్పటినుంచి మీ అక్క అంతలా ఏడవడం నేను చూడలేదు. నాకూ ఆగలేదు.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. మీ అక్క వీధి తలుపు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. నాలుగిళ్ళు దాటాక నన్ను నిలబెట్టి వెనక్కెళ్ళి మళ్ళీ చూసొస్తుంది. పొయ్యి ఆర్పానా అని సినిమా మధ్యలో లేచొచ్చిన రోజులున్నాయి. నేను నవ్వేవాణ్ణి. నలుగురి ముందూ చెప్పి మరీ నవ్వేవాణ్ణి. నేను జీతం తీసుకుని ఊరందర్నీ అనుమానించాను. ఆవిడ ఒక్క మనిషినే అనుమానిస్తూ బతికిందని ఒకే ఇంట్లో ఉండి కనిపెట్టలేకపోయాను. ఇది నీ తప్పు కాదు, నాది.

మర్నాడు దర్జీ ఆ మూడో మిషను, అదే ఆయనది, తీసుకెళ్ళడానికి వచ్చి, మామూలుగానే "మీ చేతిలో మహిమ ఉందండీ" అన్నాడు. మీ అక్క టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉంది. "అది చేసింది నేనండీ" అంది. నెమ్మదిగానే అంది. దర్జీ నా ముఖం చూశాడు. అవునన్నాను. నాకు పని రాదని ఆ విధంగా వీధంతా తెలిసిపోయింది. తెలిస్తే ఏమవుతుందో అని నెల రోజులు హడలి చచ్చాను. ఏమీ కాలేదు. ఇప్పుడు నేను టార్చి పట్టుకుంటాను, ముక్కలు వరసగా అందిస్తాను. ఒక్క ముక్క ఎక్కడ మిగిలినా ముందు నన్నే అడుగుతోంది.

ఇక నీ ప్రశ్న. మీ అక్క ఏమందని అడిగావు. తిట్టలేదు. తిట్టి ఉంటే నీకు కాస్త తేలికయ్యేది. "రావద్దని రాయండి" అంది. ఎప్పటిదాకా అని అడిగాను. అలా అడగొచ్చో లేదో తెలియదు గానీ అడిగాను. "తాళం ఒక్కసారి వేసి, మళ్ళీ లాగి చూడకుండా నడిచిన రోజున రమ్మనండి" అంది.

నిన్న సాయంత్రం ఇద్దరం బజారుకి బయల్దేరాం. ఆవిడకి తెలియకుండా లెక్కపెట్టాను. రెండుసార్లే లాగింది.

బావ